మూడో పరుగు

జ్ఞానాపురంలో రెండో అంతస్తు.
కిటికీ రెక్క మీద వేలితో పేరు రాసుకోవచ్చు,
పోర్టు నుంచి పొద్దున్నే వచ్చి కూర్చున్న నల్ల దుమ్ము.
బల్ల మీద రెండు వర్క్‌స్టేషన్లు.
ఎడమది ఆరు లక్షల నలభై వేలు.
కుడిది తొమ్మిదిన్నర లక్షలు,
అద్దం తలుపులోంచి నీలి దీపాలు,
ఊరేగింపుకి కట్టిన కారులా ఉంది.

ఓడలు గీసే కంపెనీ. ఒక్కటే కొంటారు.
ఏది కొనాలో తేల్చి రమ్మని
దొండపర్తి షాపువాళ్లు నన్ను పంపారు,
జేబులో పెన్‌డ్రైవు, డబ్బాలో పులిహోర.
మేనేజరు గొర్లె సన్యాసినాయుడు గారు ముందే అన్నారు:
"ఒక్క అంకె చెప్పవయ్యా.
పైవాళ్లు పేజీలు చదవరు."

మొదటి పరుగు.
ఒక ట్రాలరు అడుగుభాగాన్ని నలభై లక్షల ముక్కలు చేసి
దాని కిందికి లెక్కల సముద్రాన్ని వదిలాను.
కుడిది పదకొండు నిమిషాల్లో అలలన్నీ దాటించింది.
ఎడమదానికి పదహారూ ఇరవై.
కంపెనీ కాగితంలో ఉన్నవే, అణా పైసల్తో సహా.
నాయుడుగారు పెన్ను మూత తీసేశారు.

రెండో పరుగుకి ఏసీ కట్టేయమన్నాను.
ఆయన చూసిన చూపుకి
నా చొక్కా మీది షాపు పేరుకి కూడా చెమటపట్టింది.
కరెంటు పోతే మీ జనరేటరు మిషన్లని మోస్తుంది గానీ
ఏసీని మోయదు కదండీ, అన్నాను.
ఆ కాగితంలో అంకెలు ఎక్కడో
స్వెట్టర్లు వేసుకునే గదిలో పుట్టినవి.
మే నెల, మధ్యాహ్నం మూడు,
సముద్రం తడిగుడ్డ తెచ్చి మొహానికి చుట్టే ఈ ఉక్కపోత
వాటికి చుట్టం కాదు.

కుడిదాని ఫ్యాన్లు ముందు ఈల వేశాయి.
తర్వాత అరిచాయి.
తొంభై ఒకటి. తొంభై నాలుగు. తొంభై ఆరు డిగ్రీలు.
అప్పుడది ఎవరికీ చెప్పకుండా
నడక తగ్గించుకుంది.
పదిహేడూ నలభై.
ఎడమది పదహారూ ముప్పై ఐదు,
దానికి నీలి దీపాలూ లేవు, కంగారూ లేదు.

గది ఊడవడానికొచ్చిన నూకరత్నం
చీపురు చంకన పెట్టుకుని
కుడిదాని వీపు మీద అరచెయ్యి ఆనించింది.
"ఒలమ్మ! జొరమొచ్చినట్టు కాలిపోతంది బాబూ.
ఓపాలి పడుకోనీండి."
నా థర్మామీటరూ అదే చెప్పింది,
రెండు దశాంశాలు ఎక్కువగా.

మూడో పరుగు రూలు.
మూడింట్లో మధ్యదాన్నే రాయాలి.
మిషనుకి ఒక చెడ్డరోజు ఉండొచ్చని
ఎవరో దయగలవాళ్లు పెట్టిన రూలు.
కైలాసగిరి పోలీసు మైదానంలో
నాకు ఒక్క పరుగే ఇచ్చారు.
పదహారు వందల మీటర్లు. ముందురాత్రంతా జ్వరం.
నాలుగు సెకన్లు.
స్టాప్‌వాచ్ పట్టుకున్నాయన మంచివాడే,
"తమ్ముడూ, మళ్లీ రా" అన్నాడు.
ఆ మళ్లీ వచ్చేసరికి నా వయసు దాటిపోయింది.

జాలీ విప్పితే
రెండు రోజులకే కాటుకంత పొర.
బ్రష్షుతో దులిపాను. గోడకి జానెడు దూరం జరిపాను.
పరుగుకీ పరుగుకీ మధ్య ఏదీ మార్చకూడదు.
ఆ రూలు కూడా నాకు తెలుసు.

పదమూడూ యాభై.

ఆయన అంకె అడిగారు, ఇచ్చాను.
దాని కింద పెన్సిలుతో
"జాలీ వారానికోసారి దులిపితే" అని రాశాను.
ఆయన చదవలేదు.
చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నూకరత్నం
"ఏటి రాసేవు బాబూ?" అంది.
అది నీ పనే అని చెప్పలేకపోయాను.

కాన్వెంట్ జంక్షన్లో ఎర్రదీపం, తొంభై సెకన్లు.
బస్సు కిటికీకి తల ఆనించి
కళ్లు మూసుకుని లెక్కపెట్టాను.
తెరిచి చూస్తే
ఇంకా నాలుగున్నాయి.